పిల్లలు వెళ్ళాక వీణకు మేళం కట్టించుకున్నాను

పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళిపోతే అమ్మలకి బోలెడంత తీరిక దొరుకుతుందని అందరూ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా పెద్దాడు పుణేలో ఉద్యోగంలో చేరాడు. మరుసటి ఏడు అమ్మాయి ఎమ్మెస్‌కని డాలస్ వెళ్ళింది. విశాఖలో మా ఫ్లాట్‌లో మా వారూ నేనూ మిగిలాం. లంచ్ బాక్సులు లేవు, ట్యూషన్లకి దింపడాల్లేవు, అర్ధరాత్రి దాకా మేలుకుని పరీక్షలకి కాఫీలు కలపడాల్లేవు. అయినా ఏడాది తిరిగేసరికి నా రోజు మునుపటి కంటే ఇరుకైపోయింది.

నేను ఖాళీ అయ్యానన్న సంగతి నాకంటే ముందు చుట్టుపక్కల వాళ్ళందరికీ తెలిసిపోవడమే దానికి కారణం. ఆడపడుచు కంటి ఆపరేషనుకి తోడు ఎవరు వెళ్ళాలి? "వదినా, నీకు ఇంట్లో పనేముంది కనక, నువ్వొచ్చెయ్." మా అత్తగారు మరిది వాళ్ళింట్లో ఉంటారు, కానీ ఆవిడ పెన్షన్ తాలూకు లైఫ్ సర్టిఫికెట్, బ్యాంకులో కేవైసీ, బీపీ మాత్రలు అన్నీ నా లెక్కలోకే వచ్చి చేరాయి. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ ట్యాంకర్ల పుస్తకం కూడా నా దగ్గరే. కింద ఫ్లోర్‌లో ఉద్యోగం చేసుకునే అమ్మాయి తన కొడుకుని స్కూల్ బస్ దగ్గర దించుకోమంది. ఆ పిల్లాడంటే నాకిష్టమే, దానికి బాధ లేదు. కానీ ఇవన్నీ ఎవరూ "మీకు వీలవుతుందా" అని అడిగి ఇచ్చినవి కావు. పిల్లలున్నప్పుడు "పాపకి పరీక్షలండీ" అంటే ఎవరూ కిమ్మనేవారు కాదు. ఇప్పుడు అడ్డుపెట్టుకోవడానికి ఆ పాప లేదు.

పిల్లలు ఫోన్లో సలహాలు చెప్పేవారు. "అమ్మా, ఏదైనా హాబీ పెట్టుకో. యోగా చెయ్యి, జుంబా చెయ్యి, టెర్రస్ గార్డెన్ పెట్టు." ప్రేమతోనే చెప్పారులెండి. కాకపోతే ఆ చెప్పే తీరులో, వేసవి సెలవుల్లో పిల్లలు అల్లరి చెయ్యకుండా ఏ డ్రాయింగ్ క్లాసులోనో చేర్పించే ధోరణి ఒకటి ఉండేది. చేర్పించిన మనిషిని నేనే కాబట్టి నాకు వెంటనే తెలిసిపోయేది.

వీణ సంగతి అనుకోకుండా వచ్చింది. విజయనగరంలో అమ్మ ఉన్న ఇల్లు అమ్మేస్తున్నాం. సామాన్లు తీయిస్తూ తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అటక మీద నీ వీణ ఉంది. తీసుకెళ్తావా, ఎవరికైనా ఇచ్చేయనా? ఇక్కడ ఒకాయన హాల్లో షోకి పెట్టుకుంటానంటున్నాడు." షోకి అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. "నేనొస్తున్నా, ముట్టుకోవద్దు" అన్నాను. తెచ్చి ఏం చేస్తానో అప్పటికి నాకే తెలీదు.

విజయనగరంలో పెరిగిన వాళ్ళకి సంగీతం గొప్ప ముచ్చటేమీ కాదు, వీధిలో ఉండే విషయం. మా ఊళ్ళో సంగీత కళాశాల 1919లో పెట్టారు. సంస్థానంలో ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదనీ, సంగీతమంటే ప్రాణమనీ తెలిసి విజయరామ గజపతిరాజు గారు ఆ పిల్లవాడి కోసమే మొదలుపెట్టారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు. ఘంటసాల గారు, సుశీల గారు అక్కడ చదువుకున్నారు. మాలాంటి మామూలు ఇళ్ళ ఆడపిల్లలు కూడా పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. నేను నాలుగేళ్ళ సర్టిఫికెట్ కోర్సు పూర్తిచేసి డిప్లొమాలో చేరాను. ఆ డిప్లొమా రెండేళ్ళు. మొదటి ఏడు అవుతూండగా పెళ్ళి కుదిరింది. ఎవరూ మానెయ్యమనలేదు. మానెయ్యడం ఎంత మామూలు విషయమంటే, ఇంట్లో దాని గురించి ఒక మాట కూడా నడవలేదు.

అటక మీంచి దించిన వీణ చూస్తే ఏడుపొచ్చే స్థితిలో ఉంది. దండి అంటే వీణ పొడుగాటి మెడ, దాని మీద వేళ్ళు నొక్కే మెట్లు కూర్చునే మైనం ఎండి పగుళ్ళు తీసింది. మెట్లు సగం ఊడి గోనెసంచిలో గలగలమంటున్నాయి. తంతులు బిగించే బిరడలు రెండు తిరగడం లేదు. తంతులు తుప్పు. దండి కొసన ఉండే యాళి, అదే సింహం లాంటి బొమ్మ తల, దాని చెవి ఒకటి విరిగిపోయింది. నాదం పలికే గుండ్రటి కుండ ఒక్కటి మాత్రం నిక్షేపంలా ఉంది. విశాఖలో ఒక సంగీత వాయిద్యాల షాపుకి తీసుకెళ్తే, "దీని మీద డబ్బు దండగమ్మా, కొత్తది తీసుకోండి, లేదంటే ఎలక్ట్రానిక్ వీణ తీసుకోండి, బరువుండదు" అన్నారు. వాళ్ళ మాటలో వ్యాపారం ఎంతో నిజం ఎంతో తెలీక ఇంటికొచ్చేశాను.

ఆ రాత్రి మా వారు ఒక మాటన్నారు. "బొబ్బిలిలో చేసిన వీణ, బొబ్బిలి వాళ్ళకి చూపించకుండా ఇక్కడెవడో చెప్పాడని వదిలేస్తావా?" ఆయనకి సంగీతం రాదు, రాగం తాళం తేడా తెలీదు. కానీ స్కూటర్ పాడైతే అది కొన్న కంపెనీ మెకానిక్ దగ్గరికే తీసుకెళ్ళాలన్నది ఆయన సిద్ధాంతం. ఈసారి అది పనికొచ్చింది.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి. అక్కడి వీణ ప్రత్యేకత ఏమిటంటే కుండ, దండి, తల అన్నీ ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు. అతుకు ఉండదు. ఏకాండి వీణ అంటారు. మేం వెళ్ళిన ఇంట్లో అరుగు నిండా చిన్న చిన్న బొమ్మ వీణలున్నాయి. సన్మానాల్లో శాలువాతో పాటు ఇస్తారే, అవి. "పెద్దయి అడిగినోళ్ళు తక్కువ తల్లీ, మాకు కూడు పెడతన్నవి ఈ బొమ్మలే" అన్నాడు పెద్దాయన. నా వీణ తిరగేసి, వెనక్కి తట్టి, కుండ దగ్గర చెవి పెట్టి, "కర్ర బంగారంలాగుంది. మైనం ఎండిపోనాది, అంతే. మేళం కట్టాల" అన్నాడు. దండగన్న మాట ఆయన నోట రాలేదు.

మేళం కట్టడమంటే కొత్త మైనం పోసి మెట్లన్నీ శ్రుతికి సరిగ్గా కూర్చడం. అది నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఐదేళ్ళు వాయించాను కానీ వాయించేది ఎలా తయారవుతుందో చూడాలని అనిపించలేదు. ఆయన ముందుగా పాత మైనమంతా గీకేశాడు. పాతికేళ్ళ దుమ్ము, అగరొత్తుల మసి, ఎప్పటివో వేలిముద్రలు, అన్నీ పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయాయి. కొత్త తేనెమైనంలో నల్లపొడి కలిపి, కాచి, చేత్తో పిసికి, దండి పొడుగునా రెండు గట్లు పోశాడు. ఆ రెండు గట్ల మీద మెట్లు వంతెనల్లా కూర్చోవాలి. మొత్తం 24. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. మొదట్లో మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం ఎక్కువ, కుండ వైపు వచ్చేకొద్దీ దగ్గరవుతుంటాయి.

కొలబద్ద తీస్తాడేమో అని చూశాను. తియ్యలేదు. సారణి తంతి, అంటే వాయించే తంతుల్లో మొదటిది, బిగించి, ఒక మెట్టు పెట్టి, మీటి, తల వంచి విని, బొటనవేలితో ఒక వెంట్రుక వాసి అటు జరిపి, మళ్ళీ మీటి. నాకు బాగానే ఉందనిపించిన చోట ఆయనకి బాగుండేది కాదు. మధ్యలో నన్ను అడిగాడు, "ఇది సరిపోనాదా తల్లీ?" అంతర గాంధారమనే స్వరం అది. విన్నాను. రవ్వంత హెచ్చుగా ఉందనిపించింది. అనుమానంగానే చెప్పాను. ఆయన నవ్వి కిందికి జరిపి, "చెవి ఉండిపోనాదిలే నీకు" అన్నాడు. నా జీవితంలో నాకు దొరికిన సర్టిఫికెట్లలో అంత తృప్తినిచ్చింది ఇంకొకటి లేదు.

వచ్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. వీణ ఇంట్లో ఉన్నవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను. ఎండ పడే కిటికీ పక్కన పెట్టొద్దు, మైనం మెత్తబడితే మెట్లు జారతాయి. కారులో ఎండలో వదిలి వెళ్ళొద్దు. కొత్త మైనం గట్టిపడేదాకా మెట్ల మీద గట్టిగా నొక్కొద్దు. మూలన పడేసి ఉంచొద్దు, రోజూ ఎవరో ఒకరు ముట్టుకుంటేనే లోపం ముందుగా తెలుస్తుంది.

వీణ బాగైంది. నా భుజం బాగోలేదు. అంతకు ముందు నుంచే ఎడమ భుజం పట్టేసి ఉంది. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోయేది కాదు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు డాక్టరు. నలభై నుంచి అరవై మధ్య ఆడవాళ్ళకి ఎక్కువగా వస్తుందట, షుగరూ థైరాయిడూ ఉన్నవాళ్ళకి మరీనట. నాకు థైరాయిడ్ ఉంది. వీణ వాయించేటప్పుడు దండి కింద తగిలించిన సొరబుర్ర ఎడమ తొడ మీద ఆనుతుంది, ఎడమ చెయ్యి దండి కింద నుంచి చుట్టుకుని వచ్చి వేళ్ళు మెట్ల మీద పడాలి. సరిగ్గా నా భుజం తిరగనిది ఆ చుట్టుకునే దగ్గరే. దానికి తోడు మోకాళ్ళు. బాసింపట్టు వేసుకుని కూర్చోగలను, లేవడానికే ఎవరో ఒకరు కావాలి. స్వరాల పుస్తకం కింద పెడితే చత్వారం వల్ల కనపడదు, ఎత్తులో పెడితే మెట్లు కనపడవు.

ఫిజియోథెరపీ అమ్మాయి గోడ మీద వేళ్ళతో పైకి పాకించే ఎక్సర్‌సైజు ఇచ్చింది. రోజూ చేశాను. నొప్పి తగ్గడానికి నెలలు పట్టింది. ఈలోగా మా సంగీతం టీచరు గారు ఉపాయం చెప్పారు. వీణని స్టాండ్ మీద పెట్టి కుర్చీలో కూర్చుని వాయించమన్నారు. నాకు మొదట నామోషీ అనిపించింది. మా కాలేజీలో కుర్చీ మీద కూర్చుంటే మా మాస్టారు వీణ కాదు కదా, పుస్తకం కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఆంటీ, కింద కూర్చుని పది నిమిషాలు వాయిస్తారా, కుర్చీలో గంట వాయిస్తారా?" అని అడిగారు టీచరు. గంట అన్నాను.

ఈ టీచరు గారికి మా అమ్మాయి కంటే రెండేళ్ళు ఎక్కువుంటాయేమో. క్లాసు అయ్యాక నన్ను ఆంటీ అంటారు, నేను ఆవిణ్ని టీచరు గారూ అంటాను. ఈ లెక్క మా ఇద్దరికీ కుదిరింది. కుదరనిది నా పక్కన కూర్చునే మూడో తరగతి పిల్లకి. సరళీ వరుసలు, అవే మొదటి స్వర పాఠాలు, మూడో కాలంలో, అంటే అన్నిటికంటే వేగంగా వాయిస్తూ నా వేళ్ళు తడబడితే అది వాయించడం ఆపి, నా వంక జాలిగా చూసి, "ఆంటీ, మీరు ఇంటి దగ్గర ప్రాక్టీసు చెయ్యట్లేదా?" అని అడిగేది. ఎన్నేళ్ళు పిల్లల్ని ఇదే మాట అడిగానో!

చిత్రమేమిటంటే బుర్రలో ఉన్నది చాలావరకు చెక్కుచెదరలేదు. తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తుండదు, ఫ్రిజ్ తలుపు తీసి ఎందుకు తీశానో మర్చిపోతాను. కానీ కటపయాది సూత్రం అడగండి, నిద్రలో చెబుతాను. మేళకర్తలంటే మిగతా రాగాలకి మూలమైన రాగాలు, వాటి పేరులో మొదటి రెండు అక్షరాల్ని అంకెలుగా మార్చి వరుస సంఖ్య కట్టే పద్ధతి అది. ధీరశంకరాభరణంలో ధీ తొమ్మిది, ర రెండు, తిరగేస్తే 29వ మేళకర్త. మేచకల్యాణిలో మే ఐదు, చ ఆరు, తిరగేస్తే 65. 72 మేళకర్తల్లో దేన్ని అడిగినా వేళ్ళ మీద లెక్క కట్టేస్తాను. వేళ్ళ మీద లెక్క కట్టడం వరకే, ఆ వేళ్ళతో వాయించడం మాత్రం మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఎడమ చేతి చూపుడువేలు, మధ్యవేలు కొసల మీద తంతి గాట్లు పడి, వంటింట్లో ఉప్పు తగిలితే చుర్రుమనేవి. కొబ్బరినూనె రాసుకుని వాయించేదాన్ని. తర్వాత చర్మం గట్టిపడి కాయ కాసింది. ఇప్పుడు ఆ వేలు ఫోన్ తెర మీద పెడితే తాళం తెరుచుకోదు. బ్యాంకులో వేలిముద్రకి కుడిచెయ్యి ఇస్తున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు, టైం సంపాదించుకోవడం ఒక ఎత్తు. అసలు కష్టం అక్కడే. పొద్దున్న పదకొండు నుంచి పన్నెండున్నర దాకా సాధన అని పెట్టుకున్నాను. అప్పటికి వంటా, పనమ్మాయీ అయిపోతాయి. సరిగ్గా అదే టైంలో లోకమంతా నాకు ఫోన్ చేసేది. "సాధన చేసుకుంటున్నానండీ" అంటే, "ఆఁ, చేసుకో చేసుకో, ఒక్క నిమిషం, మా గ్యాస్ బుకింగ్..." అని మొదలయ్యేది. హైదరాబాద్‌లో నా స్నేహితురాలు ఒకామె అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చదువుతోంది, యాభై దాటాక. 1982లో పెట్టిన యూనివర్సిటీ, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. ఆమెకి నాలా టెన్షన్ లేదు. పరీక్షలున్నాయంటే ఇంట్లో టీవీ సౌండ్ తగ్గిస్తారు, ఆదివారం క్లాసుకి వెళ్తే భర్తే దింపి వస్తాడు. మన ఇళ్ళలో పరీక్షకి గౌరవం ఉంది, జీతానికి గౌరవం ఉంది, పూజకి గౌరవం ఉంది. ఊరికే కూర్చుని సరళీ వరుసలు వాయించుకునే మనిషికి మాత్రం లేదు. అది తెలిశాక నేను "సాధన" అనడం మానేసి "క్లాసు" అనడం మొదలుపెట్టాను. "పదకొండింటికి క్లాసుంది" అంటే ఇంకెవరూ పొడిగించలేదు. మా అత్తగారు కూడా "అలాగా, అయ్యాక చెయ్యమ్మా" అని పెట్టేశారు. ఆవిణ్ని ఇన్నేళ్ళలో అంత తేలిగ్గా ఫోన్ పెట్టించగలిగింది ఇదే మొదలు.

ట్యాంకర్ల పుస్తకం నాలుగో ఫ్లోర్ రిటైర్డ్ మేష్టారికి అప్పగించాను. ఆయన నాకంటే బాగా రాస్తున్నారు. స్కూల్ బస్ పిల్లాణ్ని మాత్రం వదల్లేదు, వాడు వచ్చేది మూడున్నరకి.

అన్నిటికంటే ఇబ్బంది పడింది అమ్మాయి దగ్గర. మనకి సాయంత్రం అయ్యేసరికి దానికి తెల్లవారి కాలేజీకి తయారయ్యే వేళ. రోజూ ఆ టైంలో వీడియో కాల్ చేసి, కాఫీ తాగుతూ, తల దువ్వుకుంటూ కబుర్లు చెప్పేది. వారంలో కొన్ని రోజులు టీచరు గారింట్లో క్లాసు ఆ సమయానికే పడింది. "క్లాసున్న రోజుల్లో కాల్ రాత్రికి మార్చుకుందామే" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "నాకంటే వీణ ఎక్కువైపోయిందా అమ్మా?" అంది నవ్వుతూనే. "ఆ గంటకి అవును" అన్నాను. తల్లి నోట రావలసిన మాట కాదని మా చెల్లెలు తర్వాత దెప్పింది. అమ్మాయి మాత్రం రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు, "ఇవాళ ఏం వాయించావు, చూపించు" అంది. హాబీ పెట్టుకోమన్నప్పుడు వాళ్ళు ఊహించుకున్నది తమకి అడ్డురాని హాబీ. పిల్లలందరూ అంతేనేమో, నేనూ మా అమ్మ విషయంలో అంతే.

"పాత నువ్వు మళ్ళీ దొరికావన్నమాట" అంటారు తెలిసినవాళ్ళు. నాకలా అనిపించదు. పంతొమ్మిదేళ్ళప్పుడు నేను మార్కుల కోసం వాయించేదాన్ని. మూడో కాలం ఎంత జోరుగా పోతే అంత గొప్ప. కింది స్వరాలు పలికే మంద్ర స్థాయి తంతుల జోలికి అవసరమైతే తప్ప పోయేదాన్ని కాదు, నస అనిపించేది. ఇప్పుడు మూడో కాలం నా వల్ల కాదు, ఇంకెప్పుడైనా అవుతుందన్న ఆశా పెద్దగా లేదు. కానీ మంద్రంలో ఒక్క గాంధారం పట్టుకుని, తంతి పక్కకి లాగి, ఆ స్వరం ఊగే గమకం పూర్తిగా పలికేదాకా ఎంతసేపైనా కూర్చోగలను. ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లకి ఈ ఓపిక లేదు. ఆ పిల్ల వేగం నాకు లేదు. ఇద్దరం ఒకే వీణ వాయించాం, అంతవరకే మా చుట్టరికం.

మొన్న పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో మా టీచరు గారి శిష్యులందరూ త్యాగరాజు గారి పంచరత్న కృతుల్ని కలిసి పాడి వాయించే గోష్ఠిలో కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. ఐదు కృతులు, ఐదు ఘనరాగాలు: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. నాకు నాట వచ్చు, ఆరభి సగం పైన వచ్చు, శ్రీ బానే పట్టుకున్నాను. వెనక వరుసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను, నాతో పాటు మోకాళ్ళ నొప్పుల మామ్మలు ఇంకో ఇద్దరు. గౌళలో ఒక చోట తప్పిపోయి, చేతులు కట్టుకుని, అందరూ పల్లవికి వచ్చాక మళ్ళీ కలిశాను. వరాళి వచ్చినప్పుడు వీణ మీద చెయ్యి వెయ్యకుండా విన్నాను. మూడో తరగతి పిల్ల (ఇప్పుడు నాలుగుకి వచ్చింది) ముందు వరుసలోంచి వెనక్కి తిరిగి చూసి నేను వాయించట్లేదని కనిపెట్టేసింది.

మర్నాడు టీచరు గారిని వరాళి చెప్పమని అడిగాను. "అది మాత్రం నేను చెప్పకూడదు ఆంటీ" అన్నారు. వరాళి గురువు శిష్యులకి ముఖతా నేర్పితే ఇద్దరికీ ఎడబాటు వస్తుందని ఒక నమ్మకం, చాలామంది ఇప్పటికీ పాటిస్తారు. వినే నేర్చుకోవాలి. నాకిప్పుడు ఎవరితోనూ ఎడబాటు వద్దు కాబట్టి నేనూ వాదించలేదు. ఫోన్లో రికార్డింగు పెట్టుకుని, ఒక్కో ముక్కా ఆపి, వెనక్కి తిప్పి, వాయిస్తున్నాను. మొదటి రెండు చరణాలు వచ్చాయి. మూడోది వింటుంటే వచ్చినట్టే ఉంటుంది, వీణ మీదకి రాదు. మా వారు హాల్లో పేపరు చదువుకుంటూ, "నిన్నటి కంటే బావుందే" అంటున్నారు. ఆయన మాట నమ్మడానికి లేదు, తంతి తెగినప్పుడు కూడా అదే అన్నారు.